అందరూ రాసే కరదీపిక

భిలాయి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ కొలిమిని ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆర్పరు. దానికి పండుగ లేదు, ఆదివారం లేదు. మారేది మనుషులే, అదీ షిఫ్టు షిఫ్టుకూ. దిగిపోయేవాళ్ళు ఎక్కేవాళ్ళకు ఏం చెప్పి వెళ్ళాలి? నోటిమాటగా చెప్పింది గేటు దాటేలోపు సగం మరుగున పడుతుంది. అందుకే ప్రతి విభాగంలోనూ లాగ్ పుస్తకం ఉంటుంది. ఏ కవాటం మూశారు, ఏ పంపు మొరాయించింది, ఏ పని సగంలో ఆగింది అన్నవి అందులో రాసి, సంతకం చేసి వెళ్తారు. భిలాయిలో పెరిగిన పిల్లలకు ఈ సంగతి కొత్త కాదు. ఇంట్లో ఎవరో ఒకరు ఆ పుస్తకంలో రాసినవాళ్ళే.

కొలిమి లాగానే ఆగకుండా నడిచే యంత్రాలు ఇంకొన్ని ఉన్నాయి. బ్యాంకులో మీ నాన్నగారి జీతం లెక్క, రైల్వే రిజర్వేషను, పరీక్ష ఫలితాలు, ఆసుపత్రి రికార్డులు అన్నీ సర్వర్లనబడే కంప్యూటర్లలోనే ఉంటాయి. వాటిని రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండే ఉద్యోగిని సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అంటారు. కొత్తవాళ్ళకు ఖాతాలు తెరవడం, డేటాకు నకళ్ళు తీసి భద్రపరచడం, డిస్కు నిండితే ఖాళీ చేయడం, యంత్రం పడిపోతే లేపడం ఆయన పనులు. ఈ పనులు ఎలా చేయాలో ఒకరి కోసం ఒకరు రాసి పెట్టుకునే పుస్తకాన్ని ఉమ్మడి కరదీపిక అందాం. చేతిలో పట్టుకునే దీపం అని ఆ మాటకు అర్థం. కరెంటు పోయినప్పుడు వెతుక్కునే వస్తువు గనక పేరు సరిగ్గానే అతుకుతుంది.

కథలకు విమర్శ ఉంది, సినిమాలకు సమీక్ష ఉంది. కోట్ల మంది పని ఆధారపడిన ఈ సాహిత్యాన్ని మాత్రం ఎవరూ విమర్శకుల కళ్ళతో చదవరు. “మాన్యువల్ చూడు” అంటారే గాని, ఆ మాన్యువల్ మంచిదా చెడ్డదా అని అడగరు. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నే అడుగుదాం. కొలబద్దగా మూడు ప్రశ్నలు పెట్టుకుందాం. ఈ పేజీ ఎవరి బాధ్యత? దీన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు? దీన్ని రాయనివాడు, దీన్ని మాత్రమే నమ్ముకుని పని పూర్తి చేయగలడా?

తప్పులను దాచని మాన్యువల్

మొదట పరీక్షకు నిలబడవలసింది యూనిక్స్ మాన్యువల్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తయారు చేసిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇది తొలి పుస్తకం. దాని మీద 1971 నవంబరు 3 అనే తేదీ ఉంది. ఒక్కొక్క ఆదేశానికి ఒక్కొక్క పేజీ. ప్రతి పేజీకీ ఒకే అచ్చు: పేరు, వాడే పద్ధతి, వివరణ, సంబంధించిన ఫైళ్ళు, ఇంకా చూడవలసినవి. ఈ రోజుకీ లినక్స్ కంప్యూటర్ ముందు కూర్చుని “మ్యాన్” అనే ఆదేశం ఇస్తే తెరమీదకు వచ్చేది ఈ అచ్చులో పోసిన పేజీయే.

ఆ తొలి కూర్పులో రెండు శీర్షికలు మెచ్చుకోదగినవి. ఒకటి “ఓనర్”, అంటే ఈ సంగతి ఎవరిని అడగాలో చెప్పే పేరు. రెండోది “బగ్స్”, అంటే ఈ ఆదేశంలో మాకు తెలిసిన లోపాలు ఇవీ అని తయారుచేసినవాళ్ళే ఒప్పుకోవడం. ఏ వస్తువు తోనైనా వచ్చే పుస్తకం తీసి చూడండి. మిక్సీ పుస్తకంలో మిక్సీ లోపాల గురించి ఒక్క వాక్యమైనా కనబడుతుందా? యూనిక్స్ మాన్యువల్ అమ్మడానికి రాసింది కాదు, వాడుకోవడానికి రాసింది. అందుకే నిజం చెప్పగలిగింది.

మన మొదటి ప్రశ్నకు ఇది చక్కగా జవాబిచ్చింది. రెండో ప్రశ్నకూ అంతే. 1972 జూన్‌లో రెండో కూర్పు, 1973 ఫిబ్రవరిలో మూడో కూర్పు వచ్చాయి. ఆ రోజుల్లో యూనిక్స్‌కు వేరే సంఖ్యలు లేవు, మాన్యువల్ ఎన్నో కూర్పు అయితే అది ఆ యూనిక్స్. ఆరో కూర్పు యూనిక్స్, ఏడో కూర్పు యూనిక్స్ అనే పేర్లు అలా పుట్టినవే. పుస్తకాన్ని బట్టి యంత్రానికి పేరు రావడం అరుదైన గౌరవం.

మూడో ప్రశ్న దగ్గర మాత్రం తడబడుతుంది. ఆదేశం పేరు ముందే తెలిసినవాడికే ఈ మాన్యువల్ తలుపు తీస్తుంది. “డిస్కు నిండిపోయింది, ఇప్పుడేం చేయాలి?” అని అడిగేవాడికి ఏ పేజీ తెరవాలో తెలియదు. ఇది నిఘంటువు లాంటిది. నిఘంటువు ఎంత గొప్పదైనా దాన్ని చదివి ఎవరూ ఉత్తరం రాయడం నేర్చుకోలేరు. రాసినవాళ్ళూ చదివేవాళ్ళూ ఒకే వరండాలో తిరిగిన రోజుల్లో ఈ లోపం బయటపడలేదు. అర్థం కాకపోతే పక్క గది తలుపు తట్టేవారు. యూనిక్స్ ఖండాలు దాటాక తట్టడానికి తలుపు లేకపోయింది.

ఓర్పుగా చెప్పి, ఒంటరిదైపోయినది

ఆ లోటు తీర్చడానికి పుట్టినదే రెండో పుస్తకం. ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను ప్రకటించాడు. కొద్దికాలంలోనే, ఒకరినొకరు చూడని మనుషులు దేశదేశాల నుంచి దానికి పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. ఆ ప్రయత్నం పేరు లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్ట్. అందులో టోర్వాల్డ్స్ సహాధ్యాయి లార్స్ విర్జేనియస్ మొదలుపెట్టినది సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల గైడ్. ఓలాఫ్ కిర్ష్ రాసిన నెట్‌వర్క్ గైడ్ 1995లో అచ్చు పుస్తకంగా వెలువడి కూడా ఉచితంగా అందరికీ దొరికింది. వీటితోపాటు “హౌటూ” అనే చిన్న పుస్తకాలు వచ్చాయి. ఒక్కొక్క హౌటూ ఒక్కొక్క పనికి: ప్రింటరు తగిలించడం, మోడెమ్ నడపడం వగైరా.

విర్జేనియస్ గైడ్ చదివితే రచయిత పక్కన కూర్చుని చెబుతున్నట్లుంటుంది. డిస్కులు, జ్ఞాపకశక్తి, యంత్రాన్ని వెలిగించడం, ఆర్పడం, వాడకందారుల ఖాతాలు, నకళ్ళు అని పనుల వరుసలో అధ్యాయాలు ఉన్నాయి. ఎలా చేయాలో చెప్పే ముందు ఎందుకు చేయాలో చెబుతుంది. మన మూడో ప్రశ్నకు ఆ కాలంలో ఇంతకంటే మంచి జవాబు ఉచితంగా దొరికేది కాదు. ఇంట్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటరు మీద లినక్స్ ఎక్కించుకున్న విద్యార్థికి ఇదే గురువు.

మరి లోపం ఎక్కడ? రెండో ప్రశ్న దగ్గర. విర్జేనియస్ తర్వాత ఆ గైడ్ బాధ్యత మరికొందరి చేతులు మారింది. తర్వాత్తర్వాత దాన్ని పట్టించుకునేవారు తగ్గారు. చాలా హౌటూలు 2000ల తొలి ఏళ్ళలోనే ఆగిపోయాయి. యంత్రం మాత్రం ఆగలేదు. ఉదాహరణకు, లినక్స్ వెలిగేటప్పుడు మొట్టమొదట లేచి మిగతా సేవలన్నిటినీ లేపే కార్యక్రమాన్ని ఆ గైడ్ “ఇనిట్” అనే పేరుతో ఒక అధ్యాయంలో వివరించింది. 2010లో వచ్చిన “సిస్టమ్‌డీ” కొద్ది ఏళ్ళలో ఎక్కువ లినక్స్ రకాలలో దాని స్థానాన్ని ఆక్రమించింది. 2015లో వచ్చిన డెబియన్ 8వ కూర్పూ అలాగే మారింది. పాత గైడ్ చదివి, అందులో చెప్పిన ఫైలు కోసం కొత్త యంత్రంలో వెతికే విద్యార్థికి అది దొరకదు. తప్పు తనదే అనుకుంటాడు. ఇక్కడే నాకు కోపం వస్తుంది. పుస్తకం పాతబడడం నేరం కాదు. పాతబడ్డానని చెప్పకపోవడమే నేరం. మందు సీసా మీద గడువు తేదీ వేస్తాం. అడ్మినిస్ట్రేటర్ చేతికిచ్చే పేజీ మీద కూడా వేయాలి.

అందరూ దిద్దగలిగే పేజీలు వస్తే ఈ జబ్బు కుదురుతుందని చాలామంది ఆశించారు. వార్డ్ కనింగ్‌హామ్ 1995లో తొలి వికీని ప్రారంభించాడు. హవాయి భాషలో ఆ మాటకు త్వరగా అని అర్థం. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరు ఏం మార్చారో చరిత్ర మిగులుతుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మీరు దీన్ని కళ్ళారా చూడవచ్చు. ఏదైనా పేజీ తెరిచి దాని చరిత్ర చూడండి, చర్చ చూడండి. అయితే సంస్థల్లో పెట్టుకునే వికీలకు వేరే జబ్బు ఉంది. పదిమంది చేయి వేసిన చోట ఎవరికీ బాధ్యత ఉండదు. ఒకే పనికి మూడు పేజీలు పుడతాయి, మూడూ మూడు రకాలుగా చెబుతాయి. వికీ వచ్చి “బగ్స్” శీర్షికను అందరి చేతికీ ఇచ్చింది గాని, “ఓనర్” శీర్షికను పోగొట్టింది.

రాయని ఒక్క వాక్యం

మూడో పుస్తకం గిట్‌ల్యాబ్ అనే సంస్థ సిబ్బంది తమ కోసం రాసుకున్న రన్‌బుక్. రన్‌బుక్ అంటే ఆపద వేళ ఏ వరుసలో ఏం చేయాలో చెప్పే పుస్తకం. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పనిని దాచుకునే చోటు గిట్‌ల్యాబ్. 2017 జనవరి 31 రాత్రి అక్కడ డేటాబేసు మీద ఒత్తిడి పెరిగి, ప్రధాన సర్వరుకు నకలుగా ఉన్న రెండో సర్వరు వెనకబడిపోయింది. రెండోదాన్ని ఖాళీ చేసి మళ్ళీ నకలు తీసుకుందామని ఇంజనీర్లు ఒక ఆదేశం ఇచ్చారు. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ మౌనమే.

నిజానికి ఆ ఆదేశం చెడిపోలేదు. ప్రధాన సర్వరు డేటా పంపడం మొదలుపెట్టేదాకా అది చడీచప్పుడు లేకుండా ఎదురుచూస్తుంది. ఆ సంగతి సంస్థ రన్‌బుక్‌లోనూ లేదు, డేటాబేసు తయారుచేసినవాళ్ళ పుస్తకంలోనూ స్పష్టంగా లేదు. మౌనాన్ని వైఫల్యమనుకున్న ఒక ఇంజనీరు, పాత ఫైళ్ళు అడ్డం పడుతున్నాయేమోనని వాటిని చెరిపే ఆదేశం ఇచ్చాడు. ఇచ్చింది రెండో సర్వరు మీద కాదు, పొరపాటున ప్రధాన సర్వరు మీద. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు. అప్పటికి దాదాపు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు.

నకళ్ళు ఉన్నాయి కదా అంటారా? రోజూ తీయవలసిన నకలు చాలాకాలంగా తీయబడటం లేదు. నకలు తీసే కార్యక్రమం పాత కూర్పుది, డేటాబేసు కొత్త కూర్పుది. విఫలమైనట్లు తెలిపే ఈమెయిళ్ళు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు మరో పని కోసం ఒకరు చేతితో తీసి పెట్టిన నకలు ఒకటి అదృష్టవశాత్తు దొరికింది. దానితో వ్యవస్థను లేపారు. మధ్యలో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 ఖాతాలు పోయాయి.

విమర్శకులు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మొదటిది మెప్పు. ఆ సంస్థ జరిగింది దాచలేదు. మరమ్మతు జరుగుతుండగానే తమ నోట్సును లోకానికంతా తెరిచి పెట్టింది, పనిని ప్రత్యక్ష ప్రసారం చేసింది, తర్వాత కారణాలన్నీ వివరంగా రాసింది. నేను పైన చెప్పినదంతా వాళ్ళు రాసుకున్నదే. రెండోది తప్పు పట్టడం. ఆపద తర్వాత రాసిన పుస్తకం అంత మంచిదైనప్పుడు, ముందు రాసిన పుస్తకంలో ఒక్క వాక్యం ఎందుకు లేదు? “ఈ ఆదేశం కొన్ని నిమిషాలు ఏమీ చెప్పకుండా ఎదురుచూడవచ్చు, కంగారుపడవద్దు.” ఇంతే. రాసినవాడికి తెలిసిన సంగతి గనక రాయనవసరం లేదనిపించి ఉంటుంది, లేదా ఎవరికీ తెలియక రాసి ఉండరు. ఏదైనా, రాయనివాడి చేతిలో పెట్టి పరీక్షించి ఉంటే ఈ ఖాళీ పగటిపూటే బయటపడేది. అందుకే మూడు ప్రశ్నల్లో మూడోది అన్నిటికంటే బరువైనది అంటాను.

అనువాదంలో దాగని అనుభవం

భిలాయి చరిత్ర ఈ చర్చకు దూరం కాదు. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి కొలిమిని ప్రారంభించారు. తొలి దశ సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నులు. యంత్రాలతోపాటు నక్షాలు, సూచనలు రష్యన్ భాషలో వచ్చాయి, అనువాదమయ్యాయి. అయినా పుస్తకాలతోనే పని జరగలేదు. మన ఇంజనీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్ళి శిక్షణ పొందారు, సోవియట్ నిపుణులు ఇక్కడికి వచ్చి కొలిమి పక్కన నిలబడ్డారు. ఎందుకని? చేతికి తెలిసినదంతా నోటికి రాదు గనక. రసాయన శాస్త్రజ్ఞుడిగా మొదలై తత్వవేత్తగా మారిన మైకేల్ పొలాన్యీ 1966లో ఈ మాటకారి కాని జ్ఞానం గురించే ఒక పుస్తకం రాశాడు.

కాబట్టి రాయడం వల్ల అన్నీ తీరిపోతాయని నేను అనను. రాయగలిగినదాన్ని కూడా రాయకపోవడమే నా ఫిర్యాదు. కర్మాగారంలో ఒక తరం పదవీ విరమణ చేస్తే, వాళ్ళతోపాటు గేటు దాటిపోయే అనుభవం ఏ ఆస్తుల జాబితాలోనూ కనిపించదు. కంప్యూటర్ గదిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అక్కడ ఉద్యోగి మారడానికి ముప్పై ఏళ్ళు అక్కరలేదు, మూడేళ్ళు చాలు.

భాష మాట కూడా చెప్పుకోవాలి. నేను పరిశీలించిన మూడు పుస్తకాలూ ఇంగ్లీషువే. భిలాయిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారితోపాటు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అర్ధరాత్రి నిద్రమత్తులో, భయంలో, మనిషి తన భాషలోనే ఆలోచిస్తాడు. అందుకని ఆదేశాలను తెలుగు చేయమని నేను అనను, అవి యంత్రం చదివే రూపంలోనే ఉండాలి. కారణాలు, హెచ్చరికలు మాత్రం పని చేసేవాళ్ళు మాట్లాడే భాషలో ఉండవచ్చు. “రిప్లికేషన్ లాగ్ పెరిగింది” అనడానికి బదులు “రెండో సర్వరు వెనకబడింది” అంటే ఏ పరువూ పోదు.

వినిపించే సాకులు

రాయమంటే మొదట వినబడే సాకు తీరిక లేదని. ఒకే సందేహానికి పదిసార్లు ఫోనులో జవాబు చెప్పే తీరిక ఉన్నప్పుడు ఒకసారి రాసే తీరిక ఉన్నట్లే. రెండోది పైకి చెప్పని సాకు: రాసి ఇచ్చేస్తే నా అవసరం ఏముంటుంది? ఈ భయం ఉట్టిది కాదు, యజమానులే దీన్ని తొలగించాలి. రాసినవాడిని మెచ్చుకోకుండా, మంట ఆర్పినవాడికే చప్పట్లు కొట్టే చోట ఎవరూ రాయరు. మూడోది భద్రత. ఇందులో నిజం ఉంది. సంకేతపదాలు ఉమ్మడి పుస్తకంలో రాయకూడదు. అవి ఎక్కడ భద్రంగా ఉన్నాయో, ఎవరి అనుమతితో తీయాలో మాత్రం రాయాలి.

ఈమధ్య నాలుగో సాకు వచ్చింది: కృత్రిమ మేధను అడిగితే చెబుతుంది కదా అని. అది లోకంలోని మాన్యువళ్ళు చదివి ఉండవచ్చు. మీ ల్యాబులో మూడో వరుస కంప్యూటర్ల తీగ ఏ పెట్టెలోకి వెళ్తుందో మీలో ఎవరూ రాయకపోతే దానికి ఎలా తెలుస్తుంది?

మీరు చేయగల పరీక్ష

ఇదంతా పెద్ద సంస్థల గొడవ అనుకోకండి. మీ పాఠశాలలోనో కళాశాలలోనో కంప్యూటర్ ల్యాబు ఉంటుంది. దాన్ని ఒకే ఒక్క మనిషి చూసుకుంటూ ఉంటారు. ఆయన అనుమతి తీసుకుని, ఒక చిన్న పనికి ఒక పేజీ రాయండి. ప్రింటరు మొరాయిస్తే ఏం చేయాలన్నదైనా సరే. “సర్వీసును మళ్ళీ మొదలుపెట్టాలి” అని రాసి ఊరుకోవద్దు. ఏ యంత్రం ముందు కూర్చోవాలి, అది ఆ యంత్రమేనని ఎలా గుర్తుపట్టాలి, ఏ ఆదేశం ఇవ్వాలి, ఇచ్చాక తెర మీద ఏం కనబడాలి, ఏమీ కనబడకపోతే ఎంతసేపు ఆగాలి, పని చెడితే వెనక్కి ఎలా రావాలి, చివరికి ఎవరిని పిలవాలి అన్నవి వరుసగా రాయండి. పైన మీ పేరు, సరిచూసిన తేదీ వేయండి. అడుగున మీకు తెలియని సంగతులు ఏవో ఒప్పుకోండి.

తర్వాత ఆ పేజీని మీ స్నేహితుల్లో ఆ పని ఎప్పుడూ చేయనివారికి ఇచ్చి, మీరు వెనక నిలబడండి. నోరు విప్పవద్దు. ఎక్కడ వాళ్ళు తలెత్తి మీవైపు చూస్తారో, సరిగ్గా అక్కడ మీ పేజీలో ఒక వాక్యం తక్కువైందన్నమాట. అది రాసి, తేదీ మార్చి, ఇంకొకరికి ఇవ్వండి.